అతకని టిబియా: ఒక మేస్త్రీ కాలు, ఒక తీగచుట్ట, ఆరు నెలలు

ఆయన వయసు 43. తాపీ మేస్త్రీ, ఖమ్మం జిల్లా. చేతికర్ర ఊతంతో నా గదిలోకి వచ్చేనాటికి కాలు విరిగి పది నెలలు దాటింది. సంచిలోంచి ఎక్స్‌రేలన్నీ తీసి బల్లమీద పరిచి ఒకే ప్రశ్న అడిగారు: "రాడ్డు వేశారు సార్. అది వంగలేదు, విరగలేదు. మరి అడుగు వేస్తే ఎందుకు నొప్పి?"

పని ముగించుకుని వస్తుండగా బైకు జారి కుడి కాలు విరిగింది. చీలమండకు పైన, కింది మూడో వంతులో మోకాలి కింది పెద్ద ఎముక టిబియా, దాని పక్కనుండే సన్న ఎముక ఫిబ్యులా రెండూ విరిగి, ఎముక కొన చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. చర్మం చీలిన ఇలాంటి విరుపుల తీవ్రతను చెప్పే గస్టిలో వర్గీకరణలో రెండో రకం గాయం. వేరే ఆసుపత్రిలో గాయాన్ని శుభ్రం చేసి, మూడో రోజున, ఎముక లోపలి బోలులోకి దించి రెండు కొనల్లో మరలతో బిగించే 9 మిల్లీమీటర్ల ఇంటర్‌లాకింగ్ రాడ్డు వేశారు. గాయం చక్కగా మానింది, చీము పట్టలేదు. శస్త్రచికిత్సలో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఐదో నెల, ఏడో నెల, పదో నెల ఎక్స్‌రేలను వెలుతురు పెట్టెమీద వరుసగా పెట్టాను. తేదీలు మూసేస్తే ఏది ముందో ఏది వెనకో చెప్పలేనంతగా మూడూ ఒకేలా ఉన్నాయి. తొమ్మిది నెలలు దాటి, చివరి మూడు నెలల్లో మెరుగుదల లేకపోతే ఆ ఎముకను 'అతకని ఎముక'గా లెక్కించడం మా వృత్తిలో వాడుక. ఆ కొలత ప్రకారం ఇది అతకని ఎముకే. అయితే ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతే చికిత్స దారి తప్పుతుంది. అతకని ఎముకల్లో రకాలున్నాయి. కొన్నింట్లో విరిగిన కొనల చుట్టూ ఏనుగు పాదంలా కొత్త ఎముక ఉబ్బి ఉంటుంది. అక్కడ రక్తప్రసారం పుష్కలం, కదలిక మాత్రం ఎక్కువ. వాటికి గట్టి ఆధారం ఇస్తే చాలు. కొన్నింట్లో కొనలు సన్నబడి, పెన్సిలు మొనల్లా ఎండిపోతాయి. అక్కడ జీవమే తక్కువ. మేస్త్రీది ఈ రెండింటికీ నడిమి రకం. వెనక వైపు, బయటి వైపు కొద్దిగా కొత్త ఎముక మొదలై ఆగిపోయింది. ముందు వైపు, లోపలి వైపు ఏమీ లేదు. మధ్యలో సుమారు 3 మిల్లీమీటర్ల ఖాళీ. ఫిబ్యులా మాత్రం ఎప్పుడో అతికిపోయింది. అది అతికి, గుంజలా నిలబడి, టిబియా కొనలు దగ్గరికి చేరకుండా అడ్డుపడుతోందని నా అనుమానం.

నాలుగు వైపుల అంచులకు ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు మార్కులు వేసే రస్ట్ అనే కొలత ఒకటుంది. కొత్త ఎముక లేకపోతే 1, కొత్త ఎముక ఉన్నా విరిగిన గీత కనిపిస్తుంటే 2, గీత చెరిగిపోతే 3. మొత్తం 4 నుంచి 12. ఆయనకు 6 వచ్చింది.

రక్త పరీక్షలు రాశాను. ఇన్‌ఫెక్షన్ ఆనవాళ్లు లేవు: ఈఎస్ఆర్, సీఆర్‌పీ రెండూ మామూలుగానే ఉన్నాయి. కానీ మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9. విటమిన్ డి 11, బాగా తక్కువ. రోజుకు ఇరవై బీడీలు. తనకు చక్కెర జబ్బు ఉన్న సంగతి ఆయనకే తెలియదు. పది నెలలుగా ఆ కాలు మీద ఇంతమంది దృష్టి నిలిచింది, మనిషి మీద నిలవలేదు. ఇది నన్ను నిజంగా బాధించింది. బీడీ పొగలోని నికోటిన్ చిన్న రక్తనాళాలను బిగిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. అతుక్కోవలసిన ఎముకకు అందవలసినవి రక్తమూ ప్రాణవాయువే.

నా సలహా స్పష్టంగానే చెప్పాను. పాత రాడ్డు తీసి, లోపలి మార్గాన్ని తొలిచి, 11 మిల్లీమీటర్ల రాడ్డు వేయాలి. ఫిబ్యులాలో చిన్న ముక్క తీసేయాలి. ఆయన తల అడ్డంగా ఊపారు. మొదటి ఆపరేషన్ అప్పు ఇంకా తీరలేదు. నాలుగు నెలల్లో కూతురి పెళ్లి. "ఇంకొకసారి కోత మాత్రం వద్దు సార్" అన్నారు. పక్కనున్న బావమరిది పుత్తూరు కట్టు సంగతి ఎత్తారు. ఇంట్లో అప్పటికే నల్లేరు పచ్చడి నడుస్తోంది. లోపల రాడ్డు ఉండగా బయటి కట్టుతో ఒరిగేదేమీ లేదని బావమరిదికి వివరించాను. పచ్చడి తినవద్దని మాత్రం అనలేదు.

అప్పుడు విద్యుదయస్కాంత చికిత్స గురించి చెప్పాను: కోత లేకుండా, కాలికి బయట తీగచుట్ట యంత్రం పెట్టి ఎముకను ప్రేరేపించే పద్ధతి. చెప్పే ముందు నాలుగు విషయాలు సరిచూసుకున్నాను. ఖాళీ ఎముక వెడల్పులో సగానికి లోపే ఉంది. రాడ్డు గట్టిగా నిలబడి ఉంది. చీము లేదు. కొనల మధ్య ద్రవం నిండిన దొంగ కీలు ఏర్పడలేదు. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ మాట ఎత్తేవాడిని కాదు. గుండెకు పేస్‌మేకర్ లేదని కూడా అడిగి తెలుసుకున్నాను. అది ఉన్నవారికి ఈ యంత్రం పెట్టకూడదు. రాడ్డు లోహం కదా, అయస్కాంతం దాన్ని లాగదా అని బావమరిది అడిగారు. మంచి ప్రశ్న. ఎముకలో వాడే స్టెయిన్‌లెస్ స్టీలు, టైటానియం అయస్కాంతానికి అంటుకునే రకాలు కావు. కాబట్టి రాడ్డు ఉండటం అడ్డంకి కాదు.

ఎముకకూ విద్యుత్తుకూ ఏమిటి సంబంధం

1950లలో జపాన్‌లోని క్యోటోలో ఇవావో యసుదా అనే ఎముకల వైద్యుడు ఎముకలో పుట్టే విద్యుత్తు మీద పరిశోధనలు చేశారు. భౌతిక శాస్త్రవేత్త ఐచీ ఫుకాదాతో కలిసి 1957లో ఒక సంగతిని నిరూపించారు: ఎముకను ఒత్తినప్పుడు దానిలో విద్యుత్తు పుడుతుంది. వంచిన ఎముకలో నొక్కుకుపోయే వైపు రుణావేశం, సాగే వైపు ధనావేశం చేరతాయి. కొత్త ఎముక పేరుకునేది నొక్కుకుపోయే వైపే. బరువు పడే చోట ఎముక బలపడుతుందని 1892లోనే జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ చెప్పారు. ఆ బరువు కబురును కణాలకు మోసుకెళ్లే దూతల్లో విద్యుత్తు ఒకటి కావచ్చన్న ఆలోచన అలా మొదలైంది. 1962లో అమెరికాలో ఆండ్రూ బాసెట్, రాబర్ట్ బెకర్ ఒత్తిడి పడిన ఎముకలో పుట్టే విద్యుత్తును మళ్లీ కొలిచి చూపారు.

ఆ తర్వాత దారి రెండుగా చీలింది. కార్ల్ బ్రైటన్ లాంటివారు సన్న తీగలను విరిగిన చోటికి గుచ్చి 20 మైక్రోఆంపియర్ల విద్యుత్తు పంపారు. రుణ ధ్రువం చుట్టూ ఎముక పెరిగింది. బాసెట్‌కు ఆ గుచ్చడమే నచ్చలేదు. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రాన్ని పట్టుకున్నారు: మారుతున్న అయస్కాంత క్షేత్రం తన దారిలో విద్యుత్తును పుట్టిస్తుంది. తీగచుట్టను కాలికి బయట పెట్టి, అందులో విద్యుత్తును దఫదఫాలుగా పంపితే, చర్మం, కండ, కట్టు దాటి ఎముక దగ్గర అతి స్వల్ప విద్యుత్ క్షేత్రం పుడుతుంది. కుక్కల కాలి ఎముకల మీద చేసిన ఆ ప్రయోగం 1974లో ప్రచురితమైంది. 1979లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అతకని ఎముకలకు ఈ పద్ధతిని అనుమతించింది.

బజారులో అమ్మే అయస్కాంత పరుపులూ కంకణాలూ ఇదే పని చేస్తాయా అని నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు. చేయవు. కదలని అయస్కాంతం చుట్టూ క్షేత్రం మారదు. క్షేత్రం మారనిదే విద్యుత్తు పుట్టదు. ఈ చికిత్సలో పని చేసేది ఆ మార్పే. వాడుకలో ఉన్న ఒక సంకేతంలో సెకనుకు 15 దఫాల స్పందనల గుంపులు వస్తాయి, ఒక్కో గుంపులో సన్నని స్పందనలు ఇరవై దాకా ఉంటాయి. ప్రయోగశాలలో ఈ సంకేతం తగిలిన ఎముక కణాల్లో కాల్షియం కదలిక పెరిగి, కాల్మోడ్యులిన్ అనే ప్రొటీన్ మేల్కొంటుంది. ఎముక పెరుగుదలకు తోడ్పడే బీఎంపీ‑2, టీజీఎఫ్‑బీటా వంటి పదార్థాల తయారీ ఊపందుకుంటుంది. దీన్ని నేను రోగులకు ఇలా చెబుతాను: ఈ యంత్రం ఇటుకలు మోయదు, గోడ కట్టదు. ఆగిపోయిన కూలీలను మళ్లీ పిలుస్తుంది. కూలీలే లేని చోట ఎంత పిలిచినా గోడ లేవదు. మేస్త్రీ ఈ మాట వెంటనే పట్టుకున్నారు. "ఇసుక, సిమెంటు కూడా ఉండాలిగా" అన్నారు. ఆ మాట మీదే విటమిన్ డి, చక్కెర, బీడీల సంగతి మాట్లాడుకున్నాం.

చికిత్స

మొదటి మూడు వారాలూ యంత్రం ఇవ్వలేదు. చక్కెరకు మందులు మొదలయ్యాయి, వారానికోసారి విటమిన్ డి, రోజూ గుడ్లు, పప్పు. బీడీలు ఒక్కసారిగా మానలేనన్నారు. లెక్క రాసుకుంటూ తగ్గించమన్నాను. కాలికి మోకాలి కింద పట్టే బ్రేసు ఇచ్చి, చేతికర్రతో బరువు మోపుతూ నడవమన్నాను. ఆ తర్వాత తీగచుట్ట యంత్రాన్ని అద్దెకు తెప్పించి, రోజుకు ఎనిమిది గంటలు పెట్టుకోవాలని చెప్పి పంపాను.

ఆరు వారాలకు తిరిగి వచ్చారు. ఎక్స్‌రేలో ఏ మార్పూ లేదు. రస్ట్ 6 దగ్గరే ఉంది. నా మనసు అప్పటికే శస్త్రచికిత్స వైపు మళ్లింది. అలవాటుగా యంత్రంలోని గంటల లెక్క చూశాను. 42 రోజుల్లో 94 గంటలు. రోజుకు రెండు గంటల చిల్లర.

నిజానికి తప్పు నాది. 'ఎనిమిది గంటలు' అని అంకె చెప్పానే గాని, ఆ ఎనిమిది గంటలు ఆయన రోజులో ఎక్కడ ఇమడాలో చెప్పలేదు. ఆయన సాయంత్రం టీవీ ముందు కూర్చున్నప్పుడు పెట్టుకుని, భోజనానికి లేచినప్పుడు తీసేసేవారు. అసలు కారణం భార్య చెప్పారు: "వేడి లేదు, జిల్లుమనదు, చప్పుడు లేదు. పని చేస్తోందో లేదో ఎట్లా తెలుస్తుంది డాక్టరుగారూ? ఊరికే లైటు వెలుగుతోందేమో అనుకున్నాం." ఈ చికిత్సలో రోగికి ఏమీ తెలియకపోవడం సహజం. క్షేత్రం అంత బలహీనమైనది. ఆ సంగతి ముందే చెప్పవలసింది.

మా కాంపౌండరు దగ్గర పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంది. మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి, తీగచుట్ట దగ్గరికి తెచ్చాను. రేడియో జుమ్మంటూ మోగింది. యంత్రం ఆపగానే చప్పుడు ఆగింది. మళ్లీ వేయగానే మోగింది. మేస్త్రీ రేడియో తన చేతిలోకి తీసుకుని కాలికి ఇటువైపు, అటువైపు పెట్టి చూసుకున్నారు. కాలికి అవతలి వైపు కూడా మోగడం విని, "అయితే ఎముకలోంచే పోతోందన్నమాట" అన్నారు. ఆ రోజు నుంచి రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకుని, పొద్దున లేచాక తీసి చార్జింగు పెట్టాలని నిర్ణయించుకున్నాం. గంటల లెక్కను రోజూ క్యాలెండరు మీద రాసే బాధ్యత భార్య తీసుకున్నారు. యంత్రం ఇచ్చే ప్రతి ఇంటివారికీ ఇప్పుడు రేడియో వినిపించే పంపుతున్నాను.

పద్నాలుగో వారానికి లెక్క 520 గంటలకు చేరింది. అంటే ఆ ఎనిమిది వారాల్లో రోజుకు సగటున ఏడున్నర గంటలు. ఎక్స్‌రేలో వెనక అంచు గీత చెరిగిపోయింది. లోపలి వైపు మబ్బులా కొత్త ఎముక మొదలైంది. రస్ట్ 8. నొప్పి అడుగు మోపినప్పుడు కాక, మెట్లు దిగేటప్పుడు మాత్రమే వస్తోంది. పెళ్లి అప్పటికే అయిపోయింది. మండపంలో కర్ర లేకుండా నిలబడ్డానని ఫోనులో ఫొటో చూపించారు. కర్ర లేకుండా ఉండమని నేను చెప్పలేదు. కానీ ఆ ఫొటో చూసి సంతోషపడ్డాను.

ఇరవై నాలుగో వారానికి 1,046 గంటలు. వెనక, బయటి అంచులు పూర్తిగా అతికాయి. లోపలి వైపు కొత్త ఎముక వంతెనలా కలిసింది. ముందు వైపు ఇంకా గీత కనిపిస్తోంది. రస్ట్ 10. ఎక్స్‌రే నీడలు మోసం చేయవచ్చు కాబట్టి సీటీ తీయించాను. నాలుగు వైపులలో మూడింట ఎముక కలిసింది. యంత్రం తిరిగి ఇచ్చేయమన్నాను.

ఎవరు అతికించారు

ఆ ఆరు నెలల్లో హెచ్‌బీఏ1సీ 8.9 నుంచి 7.2కు దిగింది. విటమిన్ డి 11 నుంచి 34కు పెరిగింది. బీడీలు ఇరవై నుంచి మూడు, నాలుగుకు తగ్గాయి. బ్రేసుతో బరువు క్రమంగా పెరిగింది. వీటిలో ఏది ఎముకను కదిలించింది? గంటలు పెరిగిన తర్వాతే ఎక్స్‌రే మారిందన్నది నిజం. కానీ చక్కెర అదుపులోకి వచ్చిందీ ఆ వారాల్లోనే. ఒక్క రోగి కథతో ఈ ముడి విప్పలేం. విప్పానని చెప్పుకుంటే అది అబద్ధం అవుతుంది.

ఈ చికిత్స చరిత్రలోనే ఆ హెచ్చరిక ఉంది. 1981లో బాసెట్ బృందం 127 అతకని టిబియాల ఫలితాలు ప్రచురించింది. 87 శాతం అతికాయి. అద్భుతమైన అంకె. అయితే పోల్చి చూడటానికి ఉత్తి యంత్రం, అంటే పని చేయని యంత్రం పెట్టిన రోగులు అందులో లేరు. 1984లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, శరార్డ్ తదితరులు కొందరికి నిజమైన యంత్రం, కొందరికి పని చేయని యంత్రం ఇచ్చి చూశారు. నిజమైన యంత్రం పెట్టిన తొమ్మిది మందిలో ఐదుగురికి ఎముక అతికింది. ఉత్తి యంత్రం పెట్టిన ఏడుగురిలోనూ ఐదుగురికి అతికింది. అందరికీ కట్టు వేసి, కాలు కింద పెట్టనీయలేదు. ఆ విశ్రాంతే చాలామందిని బాగు చేసిందన్న అనుమానం అప్పుడు బలపడింది. ఇది చాలా చిన్న పరీక్ష, కానీ నేను మరచిపోలేని పరీక్ష. (ఈ బార్కరే మరుసటి ఏడాది, అదే ఫారడే సూత్రంతో, పుర్రె బయటి నుంచి మెదడును ప్రేరేపించే యంత్రాన్ని చూపించారు. అది నేడు మానసిక వైద్యంలో వాడుకలో ఉంది.)

శరార్డ్ అక్కడితో ఆగలేదు. 1990లో, అతుకు ఆలస్యమవుతున్న 45 టిబియాలతో మళ్లీ పరీక్షించారు. పన్నెండు వారాలు, రోజుకు పన్నెండు గంటలు. యంత్రం పనిచేసిన 20 మందిలో ఐదుగురికి ఎముక అతికింది, మరో ఐదుగురిలో మెరుగుదల కనిపించింది. ఉత్తి యంత్రం పెట్టిన 25 మందిలో 23 మందికి ఏ మార్పూ లేదు. 2011లో ఆస్ట్రేలియాలో 259 మందిపై చేసిన పరీక్షలో అప్పుడే విరిగిన టిబియాలకు మొదటి నుంచే యంత్రం పెట్టారు. రెండో ఆపరేషన్ అవసరం తగ్గలేదు. 2016లో ఉత్తి యంత్రంతో పోల్చిన 15 పరీక్షలను ఒకచోట చేర్చి చూస్తే, అతకకపోవడం మూడో వంతుకు పైగా తగ్గింది, నొప్పీ కొంత తగ్గింది, కానీ రోజువారీ పనులు చేసుకునే శక్తిలో తేడా తేలలేదు.

వీటిని కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: తాజాగా విరిగిన ఎముక తన పని తాను చేసుకుంటోంది, దానికి పిలుపు అక్కర్లేదు. జీవం లేని ఎముక పిలుపు వినలేదు. మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన ఎముకకే ఈ పిలుపుతో ప్రయోజనం ఉండే అవకాశం ఉంది. మేస్త్రీ కాలును ఎంచుకున్నది అందుకే.

ఆయన ఎముక అతికిన వార్త పాకి, నెల తిరగకుండానే అరవై ఏళ్ల ఒక తల్లిని పక్క ఊరి నుంచి తీసుకువచ్చారు. చేయి విరిగి ఏడాది. భుజానికీ మోచేతికీ మధ్యనుండే ఎముక హ్యూమరస్ కొనలు పెన్సిలు మొనల్లా ఎండి, మధ్యలో సెంటీమీటరు ఖాళీ, ముట్టుకుంటే చేయి అక్కడ కీలులా కదులుతోంది. "మేస్త్రీకి ఇచ్చిన యంత్రమే ఇవ్వండి" అని కొడుకు పట్టుబట్టాడు. ఇవ్వలేదు. ఆరు నెలలు అద్దె కట్టించి, ఆమె చేతిని అలాగే వేలాడనివ్వడం నా వల్ల కాదు. తుంటి ఎముక నుంచి గుజ్జు తీసి, ప్లేటు వేసి అతికించాం. కొడుకు నా మీద కోపంగానే ఒప్పుకున్నాడు. చేయి నిలిచింది.

మేస్త్రీ ఇప్పుడు నేలమీద నిలబడి చేసే గోడ పూతలు, టైల్స్ పనులకు వెళుతున్నారు. మోకాలి ముందు భాగంలో, రాడ్డు దించిన చోట, గొంతుక్కూర్చుంటే నొప్పి అలాగే ఉంది. అది తీగచుట్ట తీర్చే నొప్పి కాదు. ఏడాదికి మళ్లీ ఎక్స్‌రే తీసి ముందు అంచు గీత చెరిగిందో లేదో చూస్తాం. అప్పటిదాకా పరంజా ఎక్కవద్దని చెప్పాను. గంటలు రాసిన ఆ క్యాలెండరును భార్య నాకు ఇచ్చి వెళ్లారు. మొదటి ఆరు వారాల గళ్లు ఖాళీగా ఉన్నాయి. కొత్తగా యంత్రం తీసుకువెళ్లే వారికి రేడియోతో పాటు దాన్నీ చూపిస్తున్నాను.